నీళ్లలో ముంచాల్సిన పిండి

మా కోడలు వనపర్తిలో బీఎడ్ చదువుతున్న రోజులవి. ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. పెళ్లయినాక ఇంకా ఏం చదువని నా లోపల ఉండేది.

చివరి పరీక్షకు ఆమె ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం చెప్పాలి. పరీక్ష పెట్టే సారు వెనక కూర్చుని చూస్తాడు. ముందురోజు సాయంత్రం వంటింట్లో రాగిపిండి ముద్ద మీద జొన్నపిండి ముద్ద పెడుతూ కనిపించింది.

"ఏందిది?"

"రేపటి పాఠం అత్తమ్మా. జొన్నది మన నేల రాయి అనుకో. రాగిది దాని కింద కరిగిన రాయి. రెండు దిక్కుల గుంజితే..." అంటూ అరచేతులతో ఒత్తింది. జొన్నముద్ద పలచబడి చీలింది. చీలికల్లోంచి రాగిపిండి నల్లగా పైకొచ్చింది. "గిట్ల పైకొచ్చి గడ్డకడ్తది. పలచబడ్డ నేల కుంగుతది, మీదికి సముద్రం వస్తది. సముద్రం కింద అంత వేరే రాయే అనుకుంటం గాని, కొన్ని దిక్కుల మన బాయిల తగిలే అసొంటి రాయే ఉంటది."

"నువ్వు మునిగి చూసొచ్చినవా?"

నవ్వింది. "రేపు తాంబాళంల పెట్టి నీళ్లు పోసి చూపిస్త."

ఆ మాటకు నాకు మండింది. "తినే పిండి దండుగ చేస్తవా? అంబలి దొరకక పండుకున్నోళ్లం మేము."

ఆమె ముద్దలు మళ్లీ సర్ది, తడిబట్ట చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టుకుంది.

పొద్దున ఆమె స్నానానికి పోయినప్పుడు డబ్బా తీశాను. రెండు ముద్దలూ కలిపి పిసికి, నాలుగు రొట్టెలు కొట్టి కాల్చి, అదే డబ్బాలో పెట్టాను. తెలియక చేశానని ఇంట్లో అందరూ అనుకున్నారు. తెలిసే చేశాను.

సాయంత్రం వచ్చి డబ్బా కడిగి బోర్లించింది. నేనే అడగాల్సి వచ్చింది.

"పాఠం ఎట్లయింది?"

"బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన. పాఠం కాయితంల రాసిన ముద్దలు ఏవమ్మా అని సారు అడిగితే ఇంట్ల మరిచిపోయిన అన్న."

"రొట్టెలు?"

"పిల్లలకు పంచిన. ఉప్పు లేదు టీచర్ అన్నరు. అయినా మిగల్చలే." కొంగుతో చేతులు తుడుచుకుంది. "పోనీ తియ్ అత్తమ్మా, నీకు తెల్వక చేసినవ్."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. బోర్లించిన డబ్బా తీసి అరలో పెట్టాను.

ఆమె పాసయింది. ఆ పాఠానికే అన్నిటికన్నా తక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంగతి తెలిసిన రోజు రెండు పిండ్లూ నేనే తడిపి, తాంబాళమూ చెంబెడు నీళ్లూ ఆమె ముందు పెట్టాను.

"ఆ పాఠం నాకు చెప్పు."

"ఇప్పుడెందుకు అత్తమ్మా, పిండి దండుగ."

ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అని, మడత పెట్టాల్సిన బట్టల కోసం లేచిపోయింది.

నేను ఒక్కదాన్నే కూర్చుని రాగిముద్ద మీద జొన్నముద్ద పెట్టి ఒత్తాను. పలచబడింది, చీలింది, నల్లపిండి పైకొచ్చింది. చెంబెత్తి నీళ్లన్నీ దాని మీద పోశాను.