రెండు టికెట్లు, ఏడు చీరలు

విమానం టికెట్లను చీరలుగా మార్చగల మనిషి కోసం మా చుట్టుపక్కల జిల్లాలన్నీ వెతికినా నేనొక్కడినే దొరుకుతాను. అదేదో విద్య అనుకోకండి, వట్టి తెలివితక్కువతనం. అది కూడా మహబూబాబాద్‌లోని ఒక బట్టల దుకాణంలో, పట్టపగలు, నా భార్య పక్కనుండగానే జరిగింది.

మొదలు మాత్రం భూపాలపల్లిలో, మా అక్క ఇంట్లో పడింది. బావ బొగ్గు గనిలో పనిచేసి అప్పుడే రిటైరయ్యాడు. అక్కకు ఒడిబియ్యం పోసే ఏడు వచ్చిందని, ఉన్న ఒక్క తమ్ముణ్ణి కాబట్టి, జనగామలోని మా ఇంటి నుంచి ఆమెను పిలవడానికి వెళ్లాను. కొన్నేళ్లకోసారి పసుపు కలిపిన బియ్యం ఆడబిడ్డ ఒడిలో పోసి, కొత్త చీర పెట్టి పంపడం మా వైపు పుట్టింటి మర్యాద. ఏ చీర కావాలో చెప్పమన్నాను.

"చీరలతోని బీరువ తలుపు పడ్తలేదు తమ్మీ. ఒక్కసారి ఇమానం ఎక్కియ్యి. ఇప్పుడైతే మోకాళ్లు మెట్లెక్కుతున్నయి. మల్ల ఒడిబియ్యం నాటికి ఎక్కుతయో లేదో."

ఆమె నవ్వుతూనే అంది కానీ చేయి మోకాలి మీదే ఉంది. అది చూసి కాస్త గొప్పలకు పోయాను.

"హైదరాబాద్ మీద చక్కర్లు ఎందుకక్కా, సముద్రమే దాటిస్త. పైసలు గూడ పెద్దగ పడయి. నా క్రెడిట్ కార్డుల పాయింట్లు జమైనయి."

బావ వక్కపలుకు నములుతూ నా వైపు తిరిగాడు. "పాయింట్లు పోస్తే లేస్తదా బామ్మర్ది నీ ఇమానం? డీజిల్ అక్కర లేదా?"

ఉద్యోగమంతా భూమి లోపలికి దిగినవాడికి పైకి లేచే మాటల మీద నమ్మకం ఎలా కలుగుతుంది? కానీ నేను చెప్పింది నిజం. ఇంట్లోకి ఏం కొన్నా కార్డు మీదే కొని, గడువులోపే బిల్లు కట్టేసి, వచ్చిన పాయింట్లను ముట్టుకోకుండా పెట్టుకున్నాను. వాటిని విమాన కంపెనీ ఖాతాలోకి మారిస్తే సింగపూర్‌కు రెండు టికెట్లు వస్తాయి. పన్నులు మాత్రం మనం కట్టుకోవాలి.

అక్క విమానం అడిగిందని ఆచారం ఊరుకోదు కదా. అక్కకూ, బావ అక్కచెల్లెళ్లకూ కలిపి ఏడు చీరలు కావలసి వచ్చాయి. మహబూబాబాద్ నా భార్య పుట్టినూరు, ఆమెకు అలవాటైన దుకాణానికే వెళ్లాం. ఒడిబియ్యం బట్టల దగ్గర బేరమాడకూడదని మా ఇంట్లో ఒక పట్టింపు. నాకేమో బేరమాడకపోతే కొన్నట్టే ఉండదు. నోరు కట్టేసుకుని కార్డు ఇచ్చాను.

"సార్, పాయింట్లున్నట్టున్నయి. వాడుకుంటరా? బిల్లు తగ్గుతది," అన్నాడు కౌంటర్ దగ్గరి మనిషి, మిషన్ నా ముందుకు జరిపి.

నేను అడగకుండానే ఎవరో నా తరఫున బేరమాడి పెట్టినట్టు అనిపించింది. నొక్కాను. బిల్లు నిజంగానే తగ్గింది. బయటికొచ్చి ఫోన్ చూసుకుంటే పాయింట్లు ఇంకా నిజంగా తగ్గాయి, సున్నా దాకా. టికెట్ల దగ్గర రూపాయి పలికే పాయింటును చీరల దగ్గర పావలాకు ఇచ్చి వచ్చానని ఆ రాత్రి షరతులు చదివితే గానీ అర్థం కాలేదు.

"మీరు నొక్కుతుంటే చూసిన. ఏదో తెలిసే నొక్కుతున్నరనుకున్న," అంది నా భార్య. ఇంతకంటే తిట్టినా బాగుండేది.

ఒడిబియ్యం రోజు అక్క ఆ చీరల్లో ఒకటి కట్టుకుని పీట మీద కూర్చుంది. బియ్యం పోశాక విషయం చెప్పేశాను. అక్క కొంగు తిప్పి చూసుకుంది. "అయితే గిప్పుడు నేను కట్టుకున్నది ఇమానమేనా తమ్మీ?"

"రెక్కలు కనవడ్తలేవు," అన్నాడు బావ.

అక్క ఆయన్ని పట్టించుకోలేదు. "మల్ల జమైతయా, కావా?"

"అయితయి. నేనొక్కన్నే కొంటే ఏండ్లు పడ్తది."

"నువ్వొక్కనివే ఎందుకు కొనాలె? మనోళ్లు ఎవరూ ఏం కొంటలేరా?"

ఆ మాటతో నా దశ తిరిగింది, కాళ్లు కూడా తిరిగాయి. అక్క ఫోన్ పట్టుకుని చుట్టాలందరికీ చెప్పింది. కాటారంలో అక్క మరిది మోటారు కొంటున్నాడంటే వెళ్లాను. టేకుమట్లలో చిన్నవ్వ ఇంటికి ఫ్రిజ్ వస్తోందంటే సెలవు పెట్టి వెళ్లాను. నేను కార్డు గీకడం, వాళ్లు అక్కడికక్కడే ఫోన్‌లో నాకు డబ్బు పంపడం, తర్వాత భోజనం. అరువు కార్డు మీద ఎరువులు కూడా కొనిపించాను. ముహూర్తానికి పంతులు కోసం ఆగినట్టు నా కోసం ఆగేవాళ్లు. చిన్నవ్వ అయితే ఫ్రిజ్‌కు పసుపు బొట్టు పెట్టి, అదే చేత్తో నా కార్డుకూ పెట్టింది. ఆ పసుపు మరక చూసి తర్వాతి దుకాణంవాడు కార్డును రెండుసార్లు తుడిచాడు.

ఎప్పుడు కనబడ్డా బావది ఒకటే పలకరింపు: "ఏంది బామ్మర్ది, ఇమానం ఏ బస్టాండుల ఆగింది?"

రెండు వానాకాలాలు గడిచేసరికి పాయింట్లు రెండు టికెట్లకు సరిపడా అయ్యాయి. ఈసారి మిషన్ల జోలికి పోకుండా తిన్నగా విమాన కంపెనీ ఖాతాలోకి పంపాను. ఖాళీ సీట్ల కోసం రోజూ వెతికి, దొరికిన వెంటనే భూపాలపల్లికి ఫోన్ చేశాను.

"అక్కా, దొరికినయి. ఒకటి నీకు, ఒకటి నాకు."

"మీ బావను ఇడిసిపెట్టి ఎట్ల పోత తమ్మీ? గని మెట్లు తప్ప ఏం జూసిండు ఆయన?"

అలా నా సీటు బావకు పోయింది. బాధ లేదని రాస్తే అబద్ధమవుతుంది. కానీ అక్క కిటికీ పక్కన కూర్చోవడమే కదా కావలసింది. బావ మారు మాట్లాడకుండా పాస్‌పోర్టు తీయించుకున్నాడు, హోటల్ ఖర్చు తనదే అన్నాడు. మా వైపు నుంచి వెళ్లి అక్కడ పనిచేసే ఒకతను ఎదురొస్తానన్నాడు. బుకింగ్ చేస్తుంటే చివర్లో భోజనం ఏం కావాలో కూడా అడిగారు. కాసేపు ఆలోచించే నొక్కాను.

శంషాబాద్‌లో వాళ్లను దింపినప్పుడు అక్క వెనక్కి తిరిగి చూడలేదు. అంత వేగంగా నడవడం ఈమధ్య నేను చూడలేదు.

దిగగానే ఫోన్ చేసింది. "తమ్మీ, మబ్బులు కిందికెల్లి పోతుంటే జూసిన. దూది ఏరుడు అయిపోని చేను తీరుగ ఉన్నది." ఊపిరి తీసుకుని మళ్లీ అంది: "తిండి గూడ మంచిగ పెట్టిన్రు. నాకు కోడికూర. మీ బావకేమో ఉల్లిగడ్డ ఎల్లిగడ్డ లేని ఉడకేసిన కూరగాయలు. ఇదేందంటే, మీరే గట్ల రాసిన్రు అన్నది తిండి తెచ్చిన పిల్ల."

ముక్క లేని రోజు భోజనాన్ని ఉపవాసం కింద లెక్కేసే మనిషి బావ. ఫోన్ ఆయన చేతికి వెళ్లింది.

"బామ్మర్ది, వచ్చేటప్పుడు గూడ గదేనా?"

"రానుపోను ఒక్కసారే బుక్ చేసిన బావా," అన్నాను.