మజ్లిస్ గోడకు నల్లద్దం

ముహర్రక్ అనే అరబ్బు రేవు పట్నంలో లతీఫా ఇంటికి పోయినవాళ్ళ కళ్ళు మొదట గోడలోని చేపల తొట్టి మీదే పడేవి. గోడకు ఇటు ఆడవాళ్ళ గది, అటు మగవాళ్ళు కూర్చునే మజ్లిస్, మధ్యలో ఆ తొట్టి. అటు కళ్ళు ఇటు పడకూడదని వెనక అద్దానికి మొదట్లోనే కాగితం అంటించారు. పడవలు నడిపిన మనిషి, ఆమె మొగుడు ఘానిమ్ మజ్లిస్‌లో గొంతు చించుకుని కబుర్లు చెబుతుంటే, ఇవతల లతీఫా చేపలకు మేత వేస్తూ వినేది. నోరున్న మనిషే. అయినా మగవాళ్ళుండగా ఆ గుమ్మం దాటి ఎరగదు. కాపురమంతా అలాగే గడిచింది.

ఘానిమ్‌కు మతిమరుపు ముదిరాక కొడుకు పేరు పోయింది, చివరికి పెళ్ళాం మొహమూ పోయింది. ఆ కష్టం పగవాళ్ళకు కూడా వద్దు. తొట్టి వెనక కాగితం ఎప్పుడో అరచేతి మేర చిరిగింది. సాయంత్రం ఆ చిరుగులోంచి బంగారు గాజుల చెయ్యి మేత వేస్తూ కనబడితేనే ఆయన అన్నం ముట్టేవాడు. "ఆ చెయ్యి గలావిడ మంచిదిరా" అని స్నేహితులతో అనేవాడు. అది విని లతీఫా మురిసిపోయేది, అంతలోనే ఏడ్చేది.

ఈ చలికాలం తొట్టి కారసాగింది. నీళ్ళు దిగే గొట్టం కోసం వెనక అద్దానికి పెట్టిన రంధ్రం దగ్గర బీట పడింది.

"రంధ్రం దగ్గర పగిలితే ఇక అతకదమ్మా, తొట్టే మార్చాలి" అన్నాడు చేపల దుకాణం యూనిస్. "మజ్లిస్ గోడే కదా, వెనక చూపు దూరని నల్లద్దం వేసి దానికే రంధ్రం పెట్టిస్తాను."

"మరి? అదీ అడగాలా?" అంది లతీఫా. బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటు ఆమె చేత అలా అనిపించింది.

కొత్త తొట్టి గోడలో చక్కగా కుదిరింది. ఆ సాయంత్రం ఘానిమ్ "ఆవిడేది?" అన్నాడు. కొడుకు బదర్ తెచ్చిన పళ్ళెం నెట్టేశాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు మంచినీళ్ళు కూడా వద్దన్నాడు.

"నా నోరు పడిపోను. నల్లద్దానికి సరేనన్నది నేనేరా" అంది లతీఫా కొడుకుతో.

"యూనిస్ మారుస్తాడులే అమ్మా. ఒక్క వారం ఆగు."

"నేను ఆగుతాను. మీ నాన్న ఆగుతాడా?"

అవతల ముసలి స్నేహితులు కాఫీ తాగుతున్నారు. "ఆవిడ పోయిందా?" అని ఘానిమ్ వాళ్ళను అడుగుతున్నాడు. లతీఫా ఇక తట్టుకోలేకపోయింది. ఒంటి మీది నల్ల అబాయా సర్దుకుని, మేత డబ్బా తీసుకుని గుమ్మం దాటింది.

అందరిలో పెద్దవాడు జబర్ తేరుకుని పక్కకు జరిగి, బదర్ తల్లిగా ఆమెను మర్యాదతో పిలిచాడు. "రా, ఉమ్ బదర్. ఇన్నేళ్ళూ మా సొల్లు విన్నావు, ఇప్పుడు మొహాలు కూడా చూడు."

ఆమె తొట్టి చట్రం పైన మజ్లిస్ వైపున్న చిన్న తలుపు తీసి నీళ్ళలోకి మేత వదిలింది. ఘానిమ్ చేతిని చూశాడు, గాజులు చూశాడు. మొహం వైపు చూడనే లేదు. ప్రాణం కుదుటపడినట్టు పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.

లతీఫా పక్కనే కూర్చుని చేప ముళ్ళు తీసి ముద్ద పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక ఆయన గోడవైపు చూసి గొంతు తగ్గించాడు.

"నువ్విలా నా పక్కన కూర్చోకు. అవతల మా ఆవిడుంది. నోరు పెద్దదే గాని మనసు మెత్తన. చూస్తే బాధపడుతుంది."

స్నేహితులు తలలు వంచుకున్నారు.

"పడదులే. ఆమె సంగతి నాకు తెలుసు" అంది లతీఫా, ఇంకో ముద్ద కలుపుతూ. "తిను."