సంతృప్తి చెందిన కల్‌బుబు

కోచ్‌కోర్ బజారులో పెళ్లి పరుపులు కుట్టే కల్‌బుబును సర్కారువారు పంతొమ్మిదేళ్లలో మూడుసార్లు "ప్రజలు"గా పిలిచారు. పన్నుల మీదా ఖర్చుల మీదా రాజధానిలో సమీక్ష సంఘం వేసినప్పుడల్లా ప్రజాభిప్రాయం అనే గడి ఒకటి నింపాలి కదా! మా జిల్లాలో ఆ గడికి ఆవిడ అతికినట్టు సరిపోయింది. నిండైన మనిషి, మాట గట్టిది, ఫొటోలో బాగా పడుతుంది.

మొదటిసారి పిలవడానికి వచ్చినవాడు సోవెత్‌బెక్, జిల్లా ఆఫీసులో ఆర్థిక విభాగం చూసేవాడు. అతను పుట్టిన సోవియట్ దేశం ఎప్పుడో పోయింది. ఆ దేశం పెట్టిన పేరూ, కుర్చీలో వెనక్కి వాలి కూర్చునే తీరూ మాత్రం మిగిలాయి.

"ఒక ఆడమనిషి, ఒక గొర్రెల కాపరి, ఒక పెన్షనరు కావాలన్నారక్కా. ఆడమనిషివి నువ్వు. ఎలెచెక్ చుట్టుకుని రా."

"పన్ను గురించి మాట్లాడటానికి పాతిక గజాల తలపాగా దేనికయ్యా? మా అమ్మమ్మే చుట్టుకోలేదు."

"చుట్టుకో అక్కా. అలా కనపడితేనే రాజధాని వాళ్లు ప్రజలని నమ్ముతారు."

అరువు తెచ్చి చుట్టుకుని సభకి వెళ్లింది. మెడ పట్టేసింది గానీ మాట తడబడలేదు. "మా పనంతా పెళ్లిళ్ల రోజుల్లోనే. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక్క పరుపూ అమ్ముడుపోదు. ఆ నెలల్లో కూడా కొట్టుకి అదే రుసుమంటే ఎట్లా? పనున్నప్పుడు తీసుకోండి, లేనప్పుడు వదిలేయండి" అంది. కళ్లజోడు పెద్దమనిషి ఒకాయన తల ఊపుతూ మూడు పేజీలు రాసుకున్నాడు. విన్నారే అని సంబరపడి, ఇంటికొచ్చి తోడికోడలు షార్‌కాన్‌కి కూడా చెప్పింది.

ఎనిమిది నెలలకి నున్నటి కాగితాల పుస్తకం వచ్చింది. అట్ట మీద తలపాగాతో కల్‌బుబు. లోపల ఇలా ఉంది: "చిరు ఉత్పత్తిదారులు స్థిర రుసుము పట్ల సంతృప్తి వ్యక్తం చేశారు. దశలవారీగా పెంచవచ్చునని సూచించారు."

షార్‌కాన్ చేతిలోని దూది కింద పడేసింది. "పెంచమన్నావా? మతుండే అన్నావా?"

ఇక బజారు వాళ్లు ఊరుకుంటారా? "ఏం కల్‌బుబూ, పొద్దున్నే సంతృప్తిగా ఉన్నావా?" అని నెల రోజులు ఏడిపించారు. రుసుము సరిగ్గా దశలవారీగానే పెరిగింది. అందులో మాత్రం మాట తప్పలేదు.

రెండోసారి ఖర్చుల సమీక్ష. సర్కారు చేసే దుబారా ఏమిటో చెప్పమన్నారు. "ముందు ఈ భోజనం. పదిమందికి రెండు గొర్రెలా?" అంది కల్‌బుబు. అందరూ పగలబడి నవ్వారు. నివేదికలో మాత్రం ప్రజలు ఆతిథ్యాన్ని ప్రశంసించారని రాశారు. ఆ సమీక్ష పుణ్యమా అని ఊరి స్నానశాలలో బాయిలరు మండించేవాడి ఉద్యోగం దుబారా కింద ఎగిరిపోయింది. మంట లేని స్నానశాలకి తాళం పడింది. మిగిలిన సొమ్ముతో ఊరి మొదట్లో "స్వాగతం" అని తోరణం కట్టారు. దాని కింద నిలబడి ఒళ్లు కడుక్కుందామంటే ఎట్లా కుదురుతుంది?

మూడోసారి పిలుపొచ్చేసరికి కల్‌బుబుకి అరవై దాటాయి. వెళ్లొద్దంది షార్‌కాన్.

"నేను వెళ్లకపోతే ఇంకెవర్నో కూర్చోబెట్టి సంతృప్తి పరుస్తారే" అని బయల్దేరింది. ఈసారి తలపాగా లేదు. దూదిపోగులు అంటుకున్న పని కోటుతోనే వెళ్లింది.

సంస్కృతి భవనం గుమ్మం దగ్గరే ఒక ఉద్యోగిని కాగితాలు చాపి, "ముందే సంతకం పెట్టేయండి పెద్దమ్మా, తర్వాత హడావిడి ఉండదు" అంది. కల్‌బుబు కళ్లజోడు పెట్టుకుని పై కాగితం ఎత్తి చూసింది. కింద సభ వివరాలన్నీ టైపు చేసి ఉన్నాయి. సభ ఇంకా మొదలే కాలేదు. నాలుగో పేరాలో తన పేరు, పక్కనే తన మాట: "సంస్కరణలతో మా జీవితం మెరుగుపడింది."

"నేనింకా నోరు విప్పలేదు తల్లీ. అప్పుడే మెరుగుపడిపోయానా?"

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. సోవెత్‌బెక్ పరుగున వచ్చాడు. జుట్టంతా రాలిపోయింది, కుర్చీ మాత్రం వదల్లేదు.

"గొడవ చెయ్యకక్కా. సంతకం ఉత్త లాంఛనం."

"లాంఛనమైతే నాది లేకపోయినా పర్లేదుగా."

"ఈసారి పిలిచిన పదహారుమంది సంతకాలూ లేకపోతే రాజధాని వాళ్లు ఒప్పుకోరు" అన్నాడు గొంతు తగ్గించి.

వెనకాల నిలబడ్డ గొర్రెల కాపరి దొక్తుర్‌బెక్ మెడ చాచాడు. "నేనేమన్నానో చదువు కల్‌బుబూ."

"పచ్చిక పన్ను న్యాయంగా ఉందన్నావట."

"నేనా? నా గుర్రం కూడా అనదు ఆ మాట!"

దాంతో మిగతా వాళ్లంతా మూగారు. నాది చదువు, నాది చదువు అని ఒకటే గోల. రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి చేతులెత్తి, "మీరు వ్యవస్థను అర్థం చేసుకోవాలి" అన్నాడు.

"పంతొమ్మిదేళ్లుగా అదే చేస్తున్నాం బాబూ" అని కల్‌బుబు కలం అందుకుంది. వీళ్ల కోసం ఒకప్పుడు వేషం కట్టి మరీ వచ్చానే అని తన మీద తనకే మంట. "ఇది నేననలేదు. చలికాలం నాకు పని లేదు, రుసుము అడగొద్దు" అని పేరు కింద రాసింది. మిగతా పదిహేనుమందీ ఎవరి మాట వాళ్లు రాశారు. కాగితాలు ఇచ్చేసేముందు అందరూ ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు.

అచ్చయిన నివేదికలో ఆ కాగితాలు లేవు. వాతావరణం అనుకూలించక సభ జరగలేదని ఒక వాక్యం ఉంది. ఆ రోజు ఎండ పెళపెళలాడింది.

కల్‌బుబు ఆ ఫొటోలు పట్టుకుని సోవెత్‌బెక్ గదికి వెళ్లి కూర్చుంది. కదలదని తెలిశాక అతను నసిగాడు. "కొట్టు రుసుము నిజానికి ఊరి పంచాయతీ చేతిలోనిదక్కా. రాజధానికి దాంతో పనే లేదు."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ."

కల్‌బుబు లేచింది. పదిహేనుమందినీ వెంటేసుకుని పంచాయతీకి వెళ్లింది. పైనుంచి వచ్చిన అంకె వేసుకోవడమే గానీ, అది తమ చేతిలో ఉందని ఆ సభ్యులకే తెలియదు. సమీక్షించాలి, వసంతంలో రమ్మన్నారు.

"కానివ్వండి, సమీక్షించండి. మేమిక్కడే ఉంటాం" అని బల్లల మీద బైఠాయించారు. రెండు గంటల్లో సమీక్ష అయిపోయింది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మూసిన కొట్లకి రుసుము లేదని తీర్మానం రాసిచ్చారు.

మరుసటేడు రాజధాని సంఘం తన ఘనకార్యాల పట్టీలో దాన్ని మొట్టమొదట వేసుకుంది. షార్‌కాన్ నిప్పులు కక్కింది, కేసు పెట్టమంది.

"వేసుకోనీవే పాపం, వాళ్లకింకేముంది చెప్పుకోడానికి" అంది కల్‌బుబు. ఆ జనవరిలో కొట్టుకి తాళం వేసి, పొయ్యి పక్కన కాళ్లు చాపుకుని, ఊరందరికీ కుట్టిన మనిషి తన ఇంటికి ఒక్క మంచి పరుపు కుట్టుకుంది.