చేదు పారబోసిన కషాయం

గుంటూరు మిర్చి కొట్లలో తొడిమలు తీసే ఆడవాళ్ళకి కూలితో పాటు దగ్గు కూడా వచ్చేది. ఆ ఘాటు అలాంటిది మరి. వాళ్ళతో పాటే తొడిమలు తీసే జోహరాబీ పదిహేనేళ్ళుగా వాళ్ళ కోసం రోజూ ఇంటి దగ్గర అడ్డసరం ఆకు కషాయం కాచి చెంబుతో పట్టుకొచ్చేది. మేకైనా మూతి పెట్టని ఆకు! తాగినవాళ్ళు ముందు ఆమెని నోరారా తిట్టేవాళ్ళు, కఫం తెగి ఊపిరాడాక అదే నోటితో దీవించేవాళ్ళు. పోసే ముందు మాత్రం ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగేది: "నెల తప్పలేదు గదమ్మా?" తప్పిందంటే బతిమాలినా చుక్క పోసేది కాదు. వాళ్ళమ్మ పెట్టిన కట్టుబాటు అది.

1961 వేసవిలో కొట్టు గుమస్తా పానకాలు అడ్డం తిరిగాడు.

"ఆ ఆకులో ఏవుంది జోహరాబీ? అంతా వేడినీళ్ళ మహిమ. రేపెవరికన్నా ఏదన్నా అయితే నా మెడకి చుట్టుకుద్ది. ఇక తేవద్దు."

జోహరాబీకి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా పక్క వీధిలో ఉండే కెమిస్ట్రీ లెక్చరరు మార్కండేయులు గారింటికెళ్ళి ఆకులో ఏవుందో తేల్చమని అడిగేసింది. ఆయన కూడా సరదాపడి ఆదివారం కాలేజీ ల్యాబుకి రమ్మన్నారు. ఆకులో ఏమీ లేదని తేలితే చెంబు కొట్టు గుమ్మం తొక్కకూడదని పానకాలు పందెం వేశాడు. సరేనంది.

ఆదివారం జోహరాబీ పండగ చీర కట్టుకుని, చెంబు పట్టుకుని వెళ్ళింది. వెనకే పానకాలూ వచ్చాడు. మార్కండేయులు గారు గాజుగొట్టంలో కషాయం పోసి, ఆకులో సత్తా ఉంటే విరిగి అడుక్కి దిగుతుందంటూ ఏదో మందు నాలుగు చుక్కలు వేశారు. ముగ్గురూ వంగి చూశారు. ఏమీ కాలేదు.

"చెప్పానా!" అని పానకాలు చప్పట్లు కొట్టాడు.

జోహరాబీ గొట్టాన్ని వెలుగుకి ఎత్తి మళ్ళీ చూసింది. రేపట్నుంచి ఆ దగ్గులన్నీ చేతులు కట్టుకుని వినాలా? లెక్చరరు గారు ఒక చుక్క నాలిక మీద వేసుకుని, "ఇందులో చేదే లేదేమిటమ్మా?" అన్నారు.

"అయ్యో నా మతి మండా!" అని జోహరాబీ నెత్తి కొట్టుకుంది. "పెద్దవాళ్ళు రుచి చూస్తారేమోనని ఆకు మూడుసార్లు ఉడకబెట్టి, చేదు నీళ్ళు పారబోసి తెచ్చాను బాబూ!"

అంటూనే పరుగెత్తింది. కాలేజీ గోడవతల కంచె నిండా అడ్డసరమే. ఒడినిండా దూసుకొచ్చి ల్యాబులోనే కాయించింది. మళ్ళీ నాలుగు చుక్కలు పడ్డాయి. పడీపడగానే గొట్టంలో ఎర్రెర్రగా, కారప్పొడిలా ఏదో విరిగి అడుక్కి దిగింది!

"ఉంది! ఉంది!" అని జోహరాబీ చిన్నపిల్లలా గెంతింది.

"ఇవి ఆల్కలాయిడ్లమ్మా, చేదంతా వీటిదే" అన్నారు మార్కండేయులు గారు, ఆయన గొంతులోనూ హుషారే. "ఇందులో వాసిసిన్ అనేది ఊపిరిగొట్టాలని వదులు చేస్తుందంటారు. జబ్బు నయం చేస్తుందని తేల్చడానికి ఇంకా చాలా పరీక్షలు కావాలి. ఒక్క జాగ్రత్త. గర్భసంచిని బిగిస్తుందేమోనన్న అనుమానం కూడా ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వకండి."

జోహరాబీ గెంతడం ఆపేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బడి మొహం ఎరగని మా అమ్మకి ఈ సంగతి ఎవరు చెప్పారు బాబూ?"



సోమవారం చెంబు దర్జాగా కొట్టులోకొచ్చింది. అందరికన్నా ముందు పానకాలే దగ్గుతూ గ్లాసు పట్టాడు. ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టి, "కాస్త చేదు తీసెయ్యకూడదూ?" అన్నాడు.

"తీసేస్తే నీ వేడినీళ్ళే మిగిలేది" అంటూ జోహరాబీ గ్లాసు నిండా పోసింది.