కోను చిరిగిన ఆల్బమ్

కరోనాకు ముందు ఏడాది, దసరా వెళ్లిన వారంలో, రాజమండ్రిలో నేను పనిచేసే రికార్డింగ్ స్టూడియోకి ఒక క్రైస్తవ ఆల్బమ్ వచ్చింది. అది మాకు సీజను. ముందు అయ్యప్ప పాటలు, వాటి వెనకే క్రిస్మస్ పాటలు. కీబోర్డు అదే, తబలా అదే, పాడేవాళ్లలో సగం మంది వాళ్లే. నేను అక్కడ సౌండ్ ఇంజనీరుని. ఇంజనీరన్నది హోదా పేరే గాని చదువు పేరు కాదు. రేడియో రిపేరు షాపులో మొదలుపెట్టి, డెసిబెల్ లెక్కను సంవర్గమానాల పట్టిక ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. యాభై మూడో ఏట, ఎనిమిది వేల హెర్ట్జ్ పైన నాకు వినికిడి తగ్గిందని పరీక్షలో తేలాక పని మానుకున్నాను. ఈ ఆల్బమ్ నాటికి మాత్రం చెవులు రెండూ సరిగ్గానే ఉన్నాయి. జరిగింది వింటే అనుమానం రావచ్చు కాబట్టి ముందే చెబుతున్నాను.

వచ్చినవాళ్లు ముగ్గురు, మొగల్తూరు దగ్గర ఒక ఊరి సంఘం కుర్రాళ్లు. దానియేలు సంఘకాపరి గారి కొడుకు. అతను పాడడు, తాళం తప్పకుండా గబగబా మాటలు చెబుతాడు. అది ర్యాప్. నెహెమ్యాది ఎలక్ట్రిక్ గిటారు, అతని తమ్ముడివి డ్రమ్ములు. ఈ రెండూ కలిస్తే రాక్. గిటారు శబ్దాన్ని కావాలనే పరిమితి దాటించి, తరంగం తల నరికేస్తారు. అప్పుడు గరగరమంటుంది. దాన్ని డిస్టార్షన్ అంటారు. ఇరవై ఏళ్లుగా నేను ఏ శబ్దం రాకుండా చూడటానికి జీతం తీసుకున్నానో, ఆ శబ్దాన్నే వాళ్లు డబ్బిచ్చి అడిగారు.

ఆల్బమ్‌లో ముఖ్యమైన పాట దావీదు గొల్యాతుది. వేగం నిమిషానికి తొంభై ఆరు దెబ్బలు. దానియేలు రెండు బార్లు మాట్లాడి ఆగుతాడు, తర్వాతి రెండు బార్లు గిటారు జవాబిస్తుంది. రెండు బార్లంటే ఎనిమిది దెబ్బలు, అంటే సరిగ్గా ఐదు సెకన్లు. ఈ ఐదు సెకన్లు గుర్తుంచుకోవాలి.

మిక్సింగ్ అయ్యాక సంఘకాపరి గారు స్వయంగా వచ్చి కళ్లు మూసుకుని విన్నారు. పాటయ్యాక కూడా కళ్లు తెరవకపోతే ప్రార్థనలో ఉన్నారనుకుని మేమూ తలలు వంచాం.

"మాటలు వాక్యానుసారమేనండి. ఆ వెనకాల వడ్ల మిల్లు దేనికండీ?" అన్నారు.

అది గిటారని నెహెమ్యా చెప్పాడు. ఆయన కొడుకు వైపు తిరిగి ఒక షరతు పెట్టారు. జనవరి సువార్త కూటాల్లో సంఘ పెద్దల ముందు ఈ పాట వాయించాలి. వాళ్లు ఆమెన్ అంటే ప్రతి ఆదివారం మందిరంలో వాయించుకోవచ్చు. అనకపోతే డ్రమ్ములూ గిటారూ మళ్లీ గడప తొక్కకూడదు, దానియేలు వెళ్లి కీర్తనలు పాడే క్వయర్లో కూర్చోవాలి. ఆ క్వయరు నడిపేది అతని మేనత్త.

కూటాలకు మైకు సెట్టు పెట్టేది సత్తిబాబు. సాధన కోసం ఆల్బమ్‌ని పెన్‌డ్రైవ్‌లో పంపితే వెంటనే ఫోన్ చేశాడు.

"గురువుగారూ, మీ పాటెయ్యగానే నా బాక్సులో కోను చిరిగిపోయిందండి."

కోనంటే స్పీకరు లోపలి కాగితం గరాటు. అది చిరగలేదని, శబ్దమే అంతని చెప్పాను. రెండో బాక్సుకి మార్చి మళ్లీ చేశాడు. "ఇదీ పోయిందండి!" డిస్టార్షన్ అంటే ఏమిటో, తరంగం తల ఎందుకు నరుకుతారో అంతా వివరించాను. ఓపిగ్గా విని "అలాగేనండి" అన్నాడు. మా గోదావరి జిల్లాల్లో "అలాగేనండి" అంటే ఒప్పుకున్నట్టు కాదు, ఇక మీరు ఆపొచ్చని. ఆ లెక్క నాకు అప్పుడు తట్టలేదు.

కూటాల రోజు మధ్యాహ్నం నేనూ వెళ్లాను. ముందు వరసలో కుర్చీల మీద పెద్దలు, చాపల మీద ఆడవాళ్లు. పాట మొదలైంది. "ఏరుకున్నా ఐదు రాళ్లు, ఎదురుగున్నాయ్ వాడి కాళ్లు" అని దానియేలు రెండు బార్లు దంచి ఆగాడు. నెహెమ్యా తల ఊపుతూ తీగలు మీటాడు. బయటికి ఏమీ రాలేదు.

సత్తిబాబు గిటారు ఫేడర్ని, అంటే దాని శబ్దం పెంచి తగ్గించే మీటని, పూర్తిగా కిందికి లాగేశాడు. బాక్సులు అతనివి మరి. నెహెమ్యాకు మాత్రం కాళ్ల దగ్గరి మానిటర్ స్పీకర్లో తన గిటారు బ్రహ్మాండంగా వినిపిస్తోంది, అందుకని హాయిగా వాయించుకుపోతున్నాడు. మిగతా ఊరందరికీ ఐదు సెకన్ల పాటు డ్రమ్ముల చప్పుడొక్కటే. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దానియేలు గొంతు సన్నబడింది. రెండో ఖాళీ వచ్చింది. క్వయరు వైపు నుంచి మేనత్తగారు అతన్నే చూస్తున్నారు.

మూడో ఖాళీలో చాపల మీద నుంచి ఖంగుమని ఒక గొంతు లేచింది.

"తందాన తానా!"

రూతమ్మ గారు. వయసులో ఉండగా క్రైస్తవ బుర్రకథ దళంలో వంత పాడిన మనిషి. కథకుడు ఆగిన చోట అందుకోవడం ఆవిడకు అలవాటు. కుర్రాడు ఆగాడు, ఆవిడ అందుకున్నారు, అంతే. జనం గొల్లున నవ్వారు. నాలుగో ఖాళీకి ఆడవాళ్లందరూ అందుకున్నారు. ఐదో ఖాళీకి కుర్చీలు కూడా కలిశాయి. దానియేలుకు ఊపిరొచ్చింది, గొల్యాతును మామూలుగా కాకుండా చితక్కొట్టాడు.

అప్పటికి నేను జనాన్ని తప్పించుకుని సత్తిబాబు మిక్సర్ దగ్గరికి చేరాను. నా చెయ్యి గిటారు ఫేడర్ మీదకు వెళ్లింది. సత్తిబాబు మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండండి గురువుగారూ! ఇప్పుడేగా కోను బాగుపడింది!"

నేను చెయ్యి తీసేశాను.

పెద్దలు ఆమెన్ అన్నారు. బుర్రకథ చాలా బాగుందని, ఈ రోజుల్లో కుర్రాళ్లకు పాత విద్య మీద ఇంత భక్తి ఉండటం విశేషమని మైకులో చెప్పారు. నెహెమ్యా చెమటలు తుడుచుకుంటూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"చూశారా సార్, నా గిటారుకి ముసలాళ్లు కూడా లేచిపోయారు!"

దానియేలు నేల చూశాడు. సత్తిబాబు వైర్లు చుట్టుకోవడం మొదలెట్టాడు. "చూశానయ్యా" అన్నాను. చూడటం వరకు నిజమే.

అసలు సంగతి ఫోన్లో తీసిన వీడియోతో బయటపడింది. నెహెమ్యా స్టూడియోకి వచ్చి ఆ పాట మొదటి నుంచి చివరి దాకా విని, "ఇందులో నేనెక్కడున్నానండీ?" అని అడిగాడు. అంత సూటి ప్రశ్న నా సర్వీసులో ఎవరూ అడగలేదు. రూతమ్మ గారి వంతను రికార్డు చేసి ఆల్బమ్ పాటలో కలిపి, దాని కింద గిటారును తొమ్మిది డెసిబెల్స్ తగ్గించి పెట్టాను. ఆరు చాలన్నాడతను. పన్నెండు తగ్గించమన్నారు పెద్దలు. తొమ్మిది సరిగ్గా మధ్య. ఇద్దరికీ నచ్చలేదు కాబట్టి లెక్క సరిపోయిందనుకున్నాను. కాకినాడ కాలేజీ కుర్రాళ్లు మాత్రం పాత మిల్లు పాటనే ఫోన్లలో పంచుకుని, అదే అసలుదంటారు.

డ్రమ్ములూ గిటారూ ఇప్పటికీ ఆ మందిరంలోనే ఉన్నాయి. సత్తిబాబు మిక్సర్ మీద గిటారు ఫేడర్ పక్కన ఎర్ర గీత ఉంది, దాన్ని దాటనివ్వడు.

స్టూడియోలో మేము చేసేది చివరి మిక్సింగ్ అని నేను అనుకునేవాణ్ణి. చివరిది ఊళ్లో మైకు సెట్టు మనిషి చేస్తాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆల్బమ్‌కీ పాటల సంఖ్య అడిగే ముందు, ఆ మనిషి ఫోన్ నంబరు తీసుకున్నాను.