బాపట్ల గాలికి మాగిన ఆకు

మూడేళ్లుగా ఒక చిన్న మాటను మోస్తున్నాను. "అవునండి" అన్న మాట. మోస్తున్నాను అంటే ఏదో పెద్ద బండ అనుకునేరు. పాఠం చెబుతున్నప్పుడు గుర్తుండదు, కూరలు తరుగుతున్నప్పుడు గుర్తుండదు. టీ కాచేటప్పుడు మాత్రం వచ్చి పక్కన నిలబడుతుంది. రోజుకి రెండుసార్లు టీ తాగుతాను, అంటే ఎంత తరచుగా వస్తుందో మీరే ఊహించుకోండి. నా పేరు చెప్పను. మీరెవరో నాకూ తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బాపట్లలో ఒక కాలేజీలో బోటనీ చెబుతాను. ప్రాక్టికల్ రికార్డుల్లో పక్కవాళ్ల కొలతలు ఎత్తిరాసే పిల్లల్ని నిలబెట్టి, మీరు చూసింది రాశారా, చూడాల్సింది రాశారా అని అడుగుతాను. నన్ను ఆ మాట అడిగేవాళ్లు లేకపోవడం అదృష్టమా, దురదృష్టమా? ఇంకా తేల్చుకోలేదు.

నాకు ఇంటర్‌లో కెమిస్ట్రీ చెప్పిన మాస్టారు తెనాలిలో ఉంటారు. కలకత్తాలో తేయాకు వ్యాపారం చేసే ఆయన శిష్యుడొకరు కొన్నేళ్ల కిందట రెండు రకాల టీ బిళ్లలు కొన్ని తెచ్చిచ్చాడు. చిన్న పళ్లెమంత వెడల్పు, పిడకలా గట్టిగా ఉన్నాయి. చైనాలో పుఎర్ అంటారట. ఆకుల్ని ఆవిరి పట్టి బిళ్లగా అదిమి, ఏళ్ల తరబడి దాచుకుని తాగుతారట. రెండూ ఒకే ఆకు. కానీ ఒకటి పచ్చిది, ఒకటి మాగేసింది. పచ్చిదాన్ని వదిలేస్తే దాని మానాన అది పదేళ్లకో ఇరవయ్యేళ్లకో మాగుతుంది. రెండోదాన్ని అంతకాలం ఆగలేక తడిపి, కుప్పేసి, గోతాలు కప్పి, తిరగేస్తూ కొన్ని వారాల్లోనే మగ్గబెడతారు. చెట్టున పండిన మామిడికాయకీ గడ్డిలో వేసిన కాయకీ ఉన్న తేడా అన్నారు మాస్టారు. ఆ పోలికతో నాకు టీ మీద ఆశ పుట్టింది.

ఈ కథలో మూడో మనిషి రేపల్లె బాబాయి గారు. నాకు చుట్టం కాదు, వరస కలుపుకున్నానంతే. తద్దినాలకీ శుభకార్యాలకీ ఇళ్లకు వెళ్లి వంట చేసేవారు. మాస్టారింట్లో తద్దినానికి వండడానికొచ్చి స్నేహితులయ్యారు. తద్దినం వంటలో ఒక నియమం ఉంది. భోక్తలు తినేదాకా వండినవాళ్లు రుచి చూడకూడదు. ఉప్పు సరిపోయిందా, పప్పు ఉడికిందా, పులుసు మరిగిందా, అంతా కంటితో, చెవితో, ముక్కుతో తెలియాల్సిందే. మరి వాసన చూడటం మాత్రం తప్పు కాదా అని ఒకసారి అడిగాను. మనం వెళ్లి చూస్తే తప్పు, దానంతటది వచ్చి తగిలితే ఏం చేస్తామన్నారు నవ్వుతూ. నలభై ఏళ్లు అలా వండిన ముక్కు అది.

నెలకో ఆదివారం పొద్దున్నే ఇద్దరం తెనాలి చేరేవాళ్లం, ఆయన రేపల్లె నుంచి, నేను బాపట్ల నుంచి. మాస్టారు పాత త్రాసులో ఆకు తూచేవారు, గడియారం చూసి నీళ్లు వంచేవారు, రంగు కనబడాలని తెల్ల కప్పుల్లోనే పోసేవారు. కషాయానికి ఇన్ని మర్యాదలా అని బాబాయి గారు ఏడిపించేవారు. పచ్చిదాని నీళ్లు లేత తేనె రంగు. గడ్డివాము పక్కన నిలబడ్డ వాసన, నోట్లో పెట్టగానే వేపపువ్వు చేదు. మింగిన తర్వాత అసలు సంగతి మొదలవుతుంది. ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగినట్టు గొంతులోంచి తీపి పైకొస్తుంది. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియదు. మాగేసినది అచ్చం కాఫీ డికాక్షన్ రంగు. చేదు లేదు. వాన వెలిసిన నేల వాసన, పాత చెక్కపెట్టె వాసన, నాలుక మీద గంజిలా నున్నగా జారిపోతుంది. నాకు పచ్చిది ఇష్టం, మాస్టారికి మాగింది. బాబాయి గారు ఎటూ చెప్పేవారు కాదు. కొత్త చింతపండు పచ్చడికి, పాత చింతపండు పులిహోరకి అని ఊరుకునేవారు.

అప్పుడు మాస్టారికి ఒక ప్రయోగం తట్టింది. పచ్చి బిళ్ల ఒకటి మూడు ముక్కలు చేసి తలా ఒకటి దాచాలి. తెనాలిలో ఒకటి, రేపల్లెలో ఒకటి, సముద్రపు గాలి తగిలే బాపట్లలో ఒకటి. ఐదేళ్ల తర్వాత ఎవరి ముక్క వాళ్లు ఇంట్లోనే విడగొట్టి, రెండు చెంచాల ఆకు తేవాలి. ఏ ఊరి గాలి ఎలా మాగబెట్టిందో తాగి చూడాలి. వాసన తగలని చోట పెట్టండని మాస్టారు మూడుసార్లు చెప్పారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకున్నాను. బోటనీ చదివినదానికి ఆ సంగతి వేరే చెప్పాలా?

చెప్పాలి. మా ఇంట్లో ఏళ్లు నిలవుండాల్సినవన్నీ ఒకటే చోట ఉంటాయి, వంటింటి పక్కన చెక్క బీరువాలో. ఊరే ఆవకాయ, పాత చింతపండు, రెండేళ్ల నాటి నిమ్మకాయ, అన్నీ అందులోనే. పాతబడాల్సిన వస్తువు అనగానే నా చెయ్యి ఆలోచించకుండా ఆ బీరువా తలుపు తీసింది. గుడ్డసంచిలో చుట్టి పై అరలో పెట్టాను. గాలి ఆడుతుంది, చీకటి, ఎండ తగలదు. ఎంత తెలివిగా పెట్టానో అని కూడా అనుకున్నాను.

గడువుకి పదిరోజుల ముందు సంచి విప్పాను. ఇంగువ. దాని వెనక ఆవపిండి, నువ్వుల నూనె. ఆకు కాచి తాగితే మాగాయ ఊట కలిపిన వేడినీళ్లు తాగినట్టుంది. ఐదేళ్లు. నవ్వొచ్చింది మొదట. తర్వాత నవ్వు రాలేదు.

అప్పుడే ఫోన్ చేసి చెప్పి ఉంటే మాస్టారు రెండు తిట్లు తిట్టేవారు, బాబాయి గారు ఏడాదిపాటు ఏడిపించేవారు. అంతకుమించి ఏమయ్యేది? నేనెందుకు చెప్పలేదు? మాస్టారి దగ్గర తెలివైనదాన్ని అనిపించుకున్న అలవాటు ఒక కారణం. ఇంకోటి ఉంది, అది చెప్పడం కష్టం. నాకు కుతూహలం పుట్టింది. ఆన్‌లైన్‌లో రెండు రకాలూ తెప్పించాను. రెండు పాళ్లు పచ్చిది, ఒక వంతు మాగేసింది కలిపితే, మధ్యలో ఎక్కడో, సగం మాగిన ఆకు రుచి వస్తుందా అని చూశాను. వచ్చింది. రంగు సరిపోయింది, చేదు తగ్గింది, చివర తీపి కూడా మిగిలింది. ఆ రుచికి నేనే మురిసిపోయాను. వీళ్లు పట్టుకుంటారా, లేదా? అది కూడా చూడాలనిపించింది. పాడైన ముక్కను చెత్తలో పారేశాను.

ఆ ఆదివారం మూడు కప్పులు వరసగా పెట్టారు. తెనాలి ఆకు కొంచెం మెత్తబడింది, రేపల్లె ఆకు ఇంకొంచెం. నాది గోధుమ రంగులో మెరుస్తోంది. మాస్టారు ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నారు. బాబాయి గారు తాగనే లేదు. కప్పు దగ్గరికి తీసుకుని కింద పెట్టేశారు.

"ఇది మనది కాదమ్మా. దీన్లో కుప్పేసి మగ్గబెట్టిన ఆకుంది," అన్నారు.

నమ్ముతారో లేదో, నాకు మొదట భయం వెయ్యలేదు. ముచ్చటేసింది. ఎంత ముక్కు! చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. ఇంతలో మాస్టారు నవ్వారు. సముద్రపు గాలి సంగతి నీకేం తెలుసయ్యా అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, దయగానే అన్నారు.

"కరోనా వచ్చినప్పుడు నీకు వాసన పోయింది కదా. ఇంకా పూర్తిగా సర్దుకోలేదేమో."

బాబాయి గారు నా వైపు చూశారు. అనుమానంగా కాదు. సాయం అడుగుతున్నట్టు చూశారు. మాస్టారూ నన్నే అడిగారు.

"ఏంటమ్మా, నీ దగ్గర దాచిన ముక్కేగా ఇది?"

"అవునండి," అన్నాను.

"అయితే నాదే పొరపాటయ్యుంటుందండి," అన్నారు బాబాయి గారు. ఆ కప్పు మళ్లీ తీసుకుని పూర్తిగా తాగేశారు. బావుందన్నారు.

మాస్టారు బాపట్ల గాలి మహిమ గురించి కనిపించినవాళ్లందరికీ చెప్పారు. తన దగ్గర మిగిలిన పచ్చి బిళ్లలన్నీ మాగబెట్టమని మా ఇంటికి పంపించారు. దొంగకి తేలు కుట్టినట్టు, కిమ్మనకుండా అందుకున్నాను. ఇంతవరకే అయితే ఇది నవ్వుకోవడానికి పనికొచ్చే కథ. కానీ బాబాయి గారు తర్వాతి నెల తెనాలి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తద్దినం వంటలు మానేశారని మాస్టారు చెప్పారు. ముక్కు మీద నమ్మకం లేనప్పుడు పితృకార్యానికి ఎలా వండనని అన్నారట. రేపల్లెలో మేనల్లుడి టిఫిన్ సెంటర్‌లో కూరలు తరుగుతూ కూర్చుంటున్నారట. పాపం, వయసైపోయిందన్నారు మాస్టారు. నేను ఊఁ కొట్టాను. అది రెండో అబద్ధం.

మూడేళ్లలో నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో. ఆయన ఎలాగూ మానేసేవారేమో. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేదేమో. నిజంగానే ముక్కు దెబ్బతిందేమో. ఈ చివరిది మాత్రం ఎంత ప్రయత్నించినా నిలబడలేదు. ఆయన ముక్కు సరిగ్గా పనిచేస్తోందని ప్రపంచంలో రుజువున్న మనిషిని నేనొక్కదాన్నే. ఆ రుజువు దగ్గరపెట్టుకుని పిల్లల రికార్డులు దిద్దుతూ కూర్చున్నాను.

పోయిన నెల రేపల్లె వెళ్లాను. ప్రత్యేకంగా ఏం జరగలేదు. ఒక పొద్దున టీ పొంగిపోతుంటే స్టవ్ ఆపి, చీర మార్చుకుని బస్సెక్కాను. టిఫిన్ సెంటర్ వెనక వరండాలో పీట మీద కూర్చుని బీన్స్ తరుగుతున్నారు. నన్ను చూసి సంతోషపడ్డారు. కాఫీ తెప్పిస్తానన్నారు. వద్దని, నిలబడే చెప్పాను. ఆ రోజు మీరు చెప్పిందే నిజమండి, ఆకు మనది కాదు, నేనే కలిపి తెచ్చాను అన్నాను. ఇంగువ సంగతీ చెప్పాను, ఎక్కడా ఆగకుండా.

ఆయన కత్తిపీట పక్కకి జరిపారు. ఏది ఎన్ని పాళ్లు కలిపావని అడిగారు. రెండుకి ఒకటి అన్నాను. నాకు సగం సగం అనిపించిందన్నారు. అది కూడా తప్పయిందేమో అన్నట్టు వేళ్లు చూసుకున్నారు. నీళ్లలో రంగు మీదా వాసన మీదా మాగిందే పెత్తనం చేస్తుంది, ఎవరికైనా అలాగే అనిపిస్తుంది అని నేను పాఠంలా చెప్పబోయి ఆగిపోయాను.

ఆయన మళ్లీ బీన్స్ తీసుకున్నారు. రెండు కాయలు తరిగాక అన్నారు.

"మా అమ్మ తద్దినం మూడేళ్లూ బయటివాళ్ల చేత వండించానమ్మా. అంతకుముందు ముప్పై ఏళ్లూ నేనే వండాను."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు కొంచెం తేలికయ్యేది. లోపలి నుంచి ఎవరో ఉల్లిపాయలు అడిగితే లేచి ఇచ్చి వచ్చారు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే క్షమించేస్తారు, ఆయన తత్వం నాకు తెలుసు. అంత సులువుగా ఆయన దగ్గర ఇంకోటి పుచ్చుకోవడానికి మనసు ఒప్పలేదు. మళ్లీ వండుతారా అని కూడా అడగలేకపోయాను. వెళ్లొస్తానంటే తలూపారు.

ఆ సాయంత్రం మాస్టారికీ ఫోన్ చేసి చెప్పాను. ఆయన అంతా విని ఫోన్ పెట్టేశారు. అంతే. ఇద్దరికీ చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పాను. ఆయన ముక్కు తప్పు చెప్పలేదు. తప్పు చెప్పింది నేను.