అరువొచ్చిన ఆరుగురు

అరువు తెచ్చుకున్న వస్తువు ఇంట్లో ఉంటే లక్ష్మీకాంతానికి అన్నం సయించదు. ఖరగ్‌పూర్ ఖరిదా పేటలో పక్కింటి నిచ్చెన తెచ్చి, సగం గోడకి సున్నం వేసి, వాళ్ళు అడుగుతారేమోనని దాన్ని వెనక్కిచ్చేసి, మిగతా సగం కుర్చీ ఎక్కి ముగించిన మనిషి ఆయన. భార్య కనకమ్మ నవ్వితే, “పరుల సొమ్ము పాము వంటిది” అనేవాడు. మంచి గుణమే. కానీ మంచి గుణానికి కూడా తొందరపాటు ఉంటుందని ఆయనకి యాభై మూడో ఏట తెలిసొచ్చింది.

ఇండస్ట్రియల్ పార్కులో ఒక అట్టల ఫ్యాక్టరీకి ఆయన ఫైర్ సూపర్‌వైజరు. మొన్న వేసవిలో ఒక ఉదయం అక్కడి యార్డులో పాత కాగితం బేళ్ళు అంటుకున్నాయి. ఒకరి దగ్గర నిప్పు లేస్తే పక్కవాళ్ళు మనుషుల్నీ పంపుల్నీ పంపాలని, పని కాగానే సంతకం చేసి వాళ్ళని వదిలేయాలని అక్కడి ఫ్యాక్టరీల మధ్య ఒప్పందం ఉంది. రంగుల ఫ్యాక్టరీ వాళ్ళు పంపు బండితో ఆరుగురిని పంపారు. వాళ్ళకి పెద్ద త్రివిక్రమ్, కనకమ్మ సొంత తమ్ముడు.

వచ్చిన ప్రతివాడూ తన ఇత్తడి టోకెన్ని గేటు దగ్గరి బోర్డుకి తగిలించి లోపలికెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చిన పద్ధతి అది. బోర్డు ఖాళీ అయితే లోపల ఎవరూ లేనట్టు.

మధ్యాహ్నం రెండు గంటలకి మంటలు అణిగి పొగ మిగిలింది. అప్పుడు రంగుల ఫ్యాక్టరీ మేనేజరు ఫోను. ఇట్టే అంటుకునే ద్రావకం ట్యాంకరు వచ్చి తమ గేటు దగ్గర ఎండలో నిలబడి ఉందట. పంపు బండి పక్కన లేనిదే సరుకు దించకూడదు. మీ పొగ కోసం మేం కాలిపోవాలా అని ఆయన అరిచాడు. రుణశేషం, అగ్నిశేషం ఉంచకూడదంటారు. ఆ రెండూ ఒకేసారి లక్ష్మీకాంతం నెత్తిన పడ్డాయి. పొగ సంగతి తన పంపుకి అప్పజెప్పి, బోర్డు వైపు చూశాడు. ఆరు మేకులూ ఖాళీ. విడుదల కాగితం మీద సంతకం పెట్టేశాడు.

బండి కదలబోతోంది. వచ్చినవాళ్ళని ఖాళీ కడుపుతో పంపడం ఆయనకి ఇష్టం లేదు. మరమరాల ముఢీ, ఆలూచాప్ బజ్జీల పొట్లాలు ఆరు తెప్పించి, బండెక్కి ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు. ఒకటి ఆయన చేతిలోనే మిగిలింది.

“ఒరే, ఆరోవోడేడ్రా?”

“టోనీగాడా? ఇందాక మా జీపొచ్చింది గదేటి, దాన్లో ఎల్లిపోయుంటాడు,” అన్నాడు త్రివిక్రమ్.

“ఎల్లడం సూసినావా?”

“బావా, ఆడి టోకెను నా జేబులోనే ఉంది. అందరివీ నానే తీసినాను. గేటు తియ్యి, అక్కడ టాంకరు ఎండలో మాడిపోతంది!”

లక్ష్మీకాంతం గేటు తియ్యలేదు. స్నేహితుడి టోకెన్ తీసిపెట్టడం ఖరగ్‌పూర్‌లో తప్పు కాదు, మర్యాద. త్రివిక్రమ్ తండ్రీ, టోని తండ్రీ రైల్వే వర్క్‌షాపులో జీవితాంతం చేసిన పని అదే. జీపు డ్రైవరుకి ఫోను కొట్టాడు. “నహీ దాదా, నేనొక్కణ్ణే వచ్చాను,” అన్నాడతను.

లక్ష్మీకాంతం బండి తాళంచెవి లాగేసుకున్నాడు. డ్రైవరు తిట్టాడు. మేనేజరు ఫోను మోగుతూనే ఉంది. ఆయన ఎత్తలేదు.

“ఆఖర్న ఆడికి ఏటి పని సెప్పినావు?”

త్రివిక్రమ్ బండి మీంచి దూకాడు. “మూడో వరస ఎనకాల పైపుంటే... సుట్టుకుని రమ్మన్నాను. నానే సెప్పినాను బావా.”

ఇద్దరూ ముక్కులకి తడిగుడ్డలు కట్టుకుని పరిగెత్తారు. బేళ్ళ మధ్య సందులో పొగ చిక్కగా ఆగిపోయి ఉంది. టోని అక్కడ, గోడకి చేరబడి కూర్చుని ఉన్నాడు, సగం చుట్టిన పైపు ఒళ్ళో పెట్టుకుని. కళ్ళు మూసుకుపోయాయి. నలభై ఐదేళ్ళ బరువైన మనిషి. చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చి ఆక్సిజన్ పెట్టారు. ఎంతసేపటికీ కదలిక లేదు. “టోనీ, ఒరే టోనీ,” అని త్రివిక్రమ్ సిగ్గు మరిచి ఏడ్చాడు. చివరికి టోని దగ్గాడు.

పంపు బండి మిగతా నలుగురితో ట్యాంకరు దగ్గరికి వెళ్ళింది. టోని గండం గడిచిందని సాయంత్రం డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి వరండాలో అందరూ లక్ష్మీకాంతాన్ని దేవుడివయ్యా అన్నారు. ఆయన ఎవరి ముఖమూ చూడలేకపోయాడు.

జనం పలచబడ్డాక త్రివిక్రమ్ వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. “తప్పంతా నాదే బావా. ఆడి టోకెను నాను తియ్యకపోతే ఇంత జరిగేది కాదు.”

లక్ష్మీకాంతం జేబులోంచి విడుదల కాగితం తీసి మడత విప్పాడు. ఒక బండి, ఆరుగురు మనుషులు, క్షేమంగా అప్పగించాం, టైము రెండూ పది. కింద ఆయన సంతకం, ఎప్పటిలాగే ముత్యంలా ఉంది.

“నువ్వు టోకెనే తీసినావురా,” అన్నాడు. “నానైతే ఆడు సేమంగా ఎల్లిపోయినాడని రాసి సంతకమెట్టినాను.”